పెరటి మొక్కకి నీళ్ళెవరు పొయ్యాలి?

మొన్న జూన్ నెలాఖర్లో మా పిన్ని కూతురు బందర్లో ఇల్లు ఖాళీ చేసి గుడివాడ వెళ్ళిపోయింది. మరిదిగారికి బ్యాంకులో బదిలీ అయింది మరి. సామాను సర్దడానికి సాయంగా నేనూ వెళ్ళాను. లారీలోకి బీరువా ఎక్కింది, మంచాలెక్కాయి, గ్యాసుబండ కూడా ఎక్కింది. అప్పుడు మా చెల్లి ఒక గునపం పట్టుకుని పెరట్లోకి నడిచింది. నాలుగేళ్ళ క్రితం తను నాటుకున్న మల్లెపొదని తవ్వి తీసుకెళదామని.

వెనకాలే ఇంటావిడ వచ్చేశారు. "అదేమిటమ్మాయ్, భూమిలో పాతింది భూమిగలవాళ్ళదేగా! గోడకి మేకు కొట్టుకున్నానని గోడ పట్టుకుపోతావా?" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. అడ్వాన్సు లెక్క చూసేటప్పుడు "పెరడు బాగుచేయించాలి కదా" అని మూడు వేలు పట్టుకున్నారు. పెరడు చూస్తే ఆవిడ మాటా అబద్ధం కాదు. మోకాలి దాకా గడ్డి, గోడవారన ఎండిపోయి పడున్న కొబ్బరిమట్టలు, విరిగిన పూలకుండీలు! అయితే మా చెల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒక్క మాటంది. "చూడక్కా, మొక్క నేను నాటితే వాళ్ళదిట. గడ్డి వాళ్ళ భూమిలో మొలిస్తే నాదిట! కొబ్బరికాయలు రెణ్ణెల్లకోసారి వాళ్ళే వచ్చి దింపుకుపోయారు. ఒక్క కాయ ఇటు పెట్టలేదు."

ఆ పూటకి నాకూ ఏం చెప్పాలో తోచలేదు. లారీవాడు హారన్ కొడుతున్నాడు. నెలాఖరు దాకా అద్దె కట్టేసి ఉంది కాబట్టి తాళంచెవి మాత్రం మా చెల్లి దగ్గరే ఉంచుకుంది. ఆ తాళంచెవి దాని చేతిలో ఉండడం ఎంత మంచిదయిందో తరవాత గాని తెలీలేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇది ఒక్క మా చెల్లి గొడవే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. బందరు ముందునుంచీ జిల్లా కేంద్రం. కలెక్టరాఫీసు, కోర్టులు, కాలేజీలు, బ్యాంకులు (ఆంధ్రా బ్యాంకు పుట్టింది కూడా ఇక్కడే, 1923లో). అందుకని బదిలీల మీద వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎప్పుడూ ఉంటారు. పైగా ఈడేపల్లి, బచ్చుపేట, పరాసుపేట లాంటి చోట్ల ఇప్పటికీ పెరడున్న ఇళ్ళు అద్దెకి దొరుకుతాయి. రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగ, ఒక కరివేప, మధ్యలో తులసికోట. చూడగానే ప్రాణం లేచొస్తుంది. దిగిన నెల తరవాత గాని తెలీదు, ఆ పెరట్లో రోజూ ఎంత చాకిరీ ఉందో!

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. అద్దె మాట్లాడేది ఎవరు? మగవాళ్ళిద్దరూ వీధి అరుగు మీద కూర్చుంటారు. అద్దెంత, అడ్వాన్సెంత, కరెంటు మీటరు వేరేనా, కుళాయి ఎన్ని గంటలొస్తుంది, ఇంతే. పెరటి మాట ఇద్దరికీ గుర్తుండదు. ఎందుకంటే రేపట్నించీ చీపురు పట్టుకునేది వాళ్ళిద్దరూ కారుగా! మాట్లాడుకోని పని ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? అవతలి ఇంటావిడకీ మనకీ మధ్య మూడేళ్ళు మంచిగా ఉన్న పలకరింపు చివరి రోజున ఇదుగో, ఇలా చెడిపోతుంది.

సరే, న్యాయం ఏం చెబుతోందో చూద్దామని మా వీధిలో ఉన్న ప్లీడరుగారి దగ్గర కూర్చుని అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ ఉంది. అందులో 108వ సెక్షను ఇల్లిచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ ఉన్న హక్కులూ బాధ్యతలూ చెబుతుంది. అయితే మొదటి మాటే ఏమిటంటే, ఇద్దరి మధ్యా ఒప్పందం గాని, ఆ ఊరి ఆచారం గాని వేరుగా ఉంటే అదే చెల్లుతుంది. అవేవీ లేనప్పుడే ఈ సెక్షను. అంటే చట్టం కూడా "ముందు మీరు మాట్లాడుకోండమ్మా" అనే అంటోందన్నమాట.

ఏమీ మాట్లాడుకోకపోతే? అద్దెకున్నవాళ్ళు తాము భూమికి తగిలించినవాటిని తీసుకుపోవచ్చు. అదే చట్టంలో ఇంకోచోట "భూమికి తగిలి ఉన్నవి" అంటే చెట్లూ పొదలూ లాగా వేళ్ళూనినవి కూడా అని వివరించారు. కాబట్టి మా చెల్లి మల్లెపొద మా చెల్లిదే! కానీ రెండు షరతులున్నాయి. ఇల్లు ఇంకా మన స్వాధీనంలో ఉండగానే తీసుకోవాలి. ఖాళీ చేసి అప్పగించేశాక వారం తరవాత వచ్చి "నా గులాబీ" అంటే కుదరదు. రెండోది, తవ్విన గొయ్యి పూడ్చి, మనం దిగిన రోజున స్థలం ఎలా ఉందో అలా అప్పజెప్పాలి.

అదే సెక్షను మన చేతులకి కట్టుబాటు కూడా పెట్టింది. ఇంటినీ దాని ఫలసాయాన్నీ ఒద్దికగల మనిషి సొంత వస్తువుని వాడుకున్నట్టు వాడుకోవచ్చుట. అంటే వేరే మాట లేకపోతే కరివేపాకు దూసుకోవచ్చు, జామకాయ కోసుకోవచ్చు. కానీ ఇంటివాళ్ళ చెట్టు కొట్టెయ్యకూడదు. ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే ఉంచాలి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల, మనుషుల వల్ల కాని ప్రకృతి దెబ్బ, ఈ రెండిటికీ మాత్రం మినహాయింపు ఉంది.

మరి గడ్డి సంగతి? 1960లో వచ్చిన మన రాష్ట్ర అద్దె ఇళ్ళ చట్టమే 'ఇల్లు' అనే మాటకి అర్థం చెబుతూ దానితో పాటున్న తోట, ఖాళీస్థలం కూడా ఇల్లేనంది. ఇక 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రాష్ట్రాలకి నమూనాగా ఒక అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాని చివర్లో ఎవరి పనులు ఎవరివో రాశారు. గోడల వెల్ల, తలుపుల రంగు, నీళ్ళ పైపులు, కరెంటు వైరింగు ఇంటివాళ్ళవి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు, కాలవ శుభ్రం అద్దెకున్నవాళ్ళవి. ఆ వరసలోనే ఆఖరున, అద్దెకిచ్చిన లేదా అద్దెదారు వాడుకుంటున్న తోట, ఖాళీస్థలం సంరక్షణ కూడా చేర్చారు. అది నమూనాయే ననుకోండి, అయినా పెద్దల ఆలోచన ఎటుందో తెలుస్తోంది కదా. డాలస్‌లో ఉన్న మా మేనకోడలు వాళ్ళూ అద్దె ఇంట్లోనే ఉంటారు. ముందున్న పచ్చిక వీళ్ళే కోసుకోవాలని ఒప్పంద కాగితంలోనే రాశారుట. పన్నెండు అంగుళాలు దాటి గడ్డి పెరిగితే ఊరివాళ్ళు నోటీసిస్తారుట! మన దగ్గర అంత పట్టింపు లేదు గాని, లెక్క అదే. వాడుకునేవాళ్ళే ఊడ్చుకోవాలి.

కాబట్టి గడ్డి విషయంలో మా చెల్లిది తప్పే. దాని మొహం మీదే చెప్పాను కూడా. అలిగింది, అది వేరే సంగతి.

అయితే కొబ్బరిమట్టలు గడ్డి లాంటివి కావు. ముప్ఫై నలభై అడుగుల చెట్టు మీదినించి ఎండుమట్ట పడిందంటే కింద మనిషున్నా పక్కింటి రేకులున్నా ఏమీ మిగలదు. చెట్టెక్కించడానికి మనిషిని పిలవాలి, డబ్బివ్వాలి. కాయలు ఎవరు దింపుకుంటారో మట్టలు కూడా వాళ్ళే కొట్టించాలని నా అభిప్రాయం. కాయలు ఓనరుగారివి, మట్టలు మనవీ అనడం ఎక్కడి న్యాయం? ఆ కాయలు దింపే మనిషి చేతనే ఎండుమట్టలు కూడా తీయించి, బయట పారేయించే బాధ్యత కాయలు తీసుకునేవాళ్ళదే.

మన ప్రాంతంలో ఇది మాటవరసకి చెప్పుకునే విషయం కాదండీ. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాం. 1977 నవంబరు 19 దివిసీమవాళ్ళెవరూ మరిచిపోలేరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా మన వీధుల్లో చెట్లూ కొమ్మలూ పడ్డాయి. అందుకని వినాయకచవితి వెళ్ళగానే ఇంటివాళ్ళకి ఒక ఫోను చెయ్యండి. "ఎండుమట్టలున్నాయి, మునగకొమ్మ కరెంటు తీగ మీదికి వాలింది, మనిషిని పంపండి" అని చెప్పండి. కొట్టించడం వాళ్ళ పని. కానీ చూసి చెప్పడం మన పని, ఎందుకంటే రోజూ ఆ చెట్టు కింద తిరిగేది మనమే. తీగకి తగిలిన కొమ్మ జోలికి మాత్రం మీరు గాని, ఇంట్లో మగవాళ్ళు గాని కత్తి పట్టుకుని వెళ్ళొద్దు. కరెంటాఫీసుకి చెప్పండి, లైను ఆపి వాళ్ళే కొడతారు. చెప్పాక కూడా ఇంటివాళ్ళు పట్టించుకోకపోతే, చెప్పిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. రేపు మాట తేడా వచ్చినప్పుడు పనికొస్తుంది. పెనుగాలికి చెట్టు పడిపోయిందనుకోండి, ఆ నష్టం మీ అడ్వాన్సులోంచి పట్టుకునేది కాదు. ఇందాక చెప్పిన మినహాయింపు దానికే.

ఇక రోజూ పని. పెరడు ఊడవడం, కలుపు తీయడం, ఉన్న చెట్లకి నీళ్ళు పొయ్యడం మనవే. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యాక ఒకసారి, వెనకపట్టాక ఒకసారి, కూలిమనిషిని పెట్టి పారతో చెక్కిస్తే మిగతా రోజుల్లో చేత్తో పీకే పనే ఉంటుంది. మోకాలెత్తు పెరిగాక చూసుకుందాం అంటే మాత్రం పాములకి మనమే కాపురం పెట్టించినట్టు! కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, కుండీల కింద పెట్టిన పళ్ళాలు వారానికోసారి బోర్లించండి. దోమ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం పొద్దున్న తులసికోట కడిగేటప్పుడే ఒక చుట్టు చుట్టి వస్తే సరిపోతుంది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మన బందర్లో పంపు కొడితే వచ్చేది చాలా చోట్ల ఉప్పునీళ్ళే కదా. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తెలీక, మొక్కలు మాడిపోతే "ఈవిడకి మొక్కల మీద శ్రద్ధ లేదు" అని ఇంటావిడ చేత మాట పడతారు. ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకి వస్తున్నా, మట్టి పైన తెల్లగా పొర కడుతున్నా అది ఉప్పే. దిగిన వారంలోనే ఆ సంగతి ఇంటివాళ్ళని అడగండి. కొబ్బరి, సపోటా, గన్నేరు, కాగితంపూలు ఉప్పుని కొంత ఓర్చుకుంటాయి. మల్లె, గులాబీ, కూరమొక్కలు ఓర్చుకోవు. వాటికి కుళాయినీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు పట్టి ఉంచి పొయ్యండి. (ఉప్పు వేసి కూరగాయలు కడిగిన నీళ్ళు మాత్రం వద్దు సుమా!) రోజూ చెంబుడు చిలకరించే బదులు, రెండు మూడు రోజులకోసారి పాదు నిండా పోస్తే పైనున్న ఉప్పు కిందికి దిగిపోతుంది. పాదు చుట్టూ నానబెట్టిన కొబ్బరిపీచు పరిస్తే తడి ఆరదు. ఇంత చేసినా పోతే ఆ మొక్కకి మీరు జవాబుదారీ కారు.

మీరు మురిపెంగా పెంచుకునేవి ఏవైనా ఉంటే వాటిని నేలలో పెట్టొద్దు. పాత పెయింటు బక్కెట్లకి అడుగున నాలుగు బెజ్జాలు పొడిచి అందులో వేసుకోండి. కుండీలో మొక్కని బీరువాతో పాటు లారీ ఎక్కించవచ్చు, ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

ఇంతసేపూ అద్దెకున్నవాళ్ళ వైపే మాట్లాడానని ఇళ్ళు అద్దెకిచ్చిన సోదరీమణులు అనుకోవద్దు. నాకూ ఒక చిన్న వాటా ఇల్లుంది. మా మావగారు స్వయంగా నాటిన సపోటా చెట్టు ఉండేది అందులో. ఒకసారి దిగినవాళ్ళు ఆకులు ఊడవలేక విసుగొచ్చి, మాతో ఒక్క మాట చెప్పకుండా మొదలంటా కొట్టించేశారు! ఆ రోజు నేను చేసిన రభస తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. కానీ తరవాత ఆలోచిస్తే, ఆ చెట్టంటే మాకెంత ఇష్టమో నేను వాళ్ళకి ఏనాడైనా చెప్పానా? లేదు. ఇల్లు చూపించిన రోజున పంపు చూపించాను, మీటరు చూపించాను, చెట్టు దగ్గరికి తీసుకెళ్ళలేదు. అందుకని ఇంటివాళ్ళకీ చెబుతున్నాను. ఏ చెట్టు ముట్టుకోకూడదో, ఏ పువ్వులు మీ పూజకి కావాలో, ఏ కాయలు మీవో ముందే చెప్పెయ్యండి. చెప్పాపెట్టకుండా పెరటి తలుపు తోసుకొచ్చి కోసుకెళ్ళొద్దు. అద్దె పుచ్చుకున్నాక ఆ పెరడు కూడా వాళ్ళ ఇల్లే.

ఇప్పుడు మా చెల్లి కథకి వస్తాను. ఆ ఆదివారమే మేమిద్దరం బస్సెక్కి బందరు వెళ్ళి ఇంటావిడ దగ్గర కూర్చున్నాం. తాళంచెవి ఇంకా మా దగ్గరే ఉందని, మొక్క తీసుకెళ్ళే హక్కుందని నేను మెల్లిగా చెప్పాను. ఆవిడ మొహం మాడ్చుకున్నారు. అప్పుడు మా చెల్లే అంది, "గడ్డి నాదేనండీ పిన్నిగారూ, ఆ డబ్బు పట్టుకోండి. మట్టలు మాత్రం మీవి" అని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. లోపలికెళ్ళి పదిహేను వందలు తెచ్చి చేతిలో పెట్టారు.

మల్లెపొద దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. నాలుగేళ్ళ పొద, వేళ్ళు ఎంత లోతుకి పోయాయో! తవ్వితే బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. పైగా ఆవిడ ఆ పువ్వులు రోజూ దేవుడికి పెట్టుకుంటారుట. అందుకని తల్లిపొదని అక్కడే వదిలేసి, నేలవాటుగా ఉన్న రెండు కొమ్మలకి అంటు తొక్కాం. ఇది మీరూ చేసుకోవచ్చు. ముదురు కొమ్మని వంచి, మధ్యలో ఒక కణుపు దగ్గర బెరడు కొద్దిగా గీరి, ఆ భాగాన్ని మట్టి కుండీలో పాతి, పైన రాయి పెట్టాలి. చివర మాత్రం బయటికి ఉండాలి. తడి ఆరకుండా చూస్తే రెండు మూడు నెలల్లో వేళ్ళొస్తాయి. అప్పుడు తల్లి వైపు కోసేస్తే కుండీలో పిల్ల మొక్క సిద్ధం. కరివేపకయితే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. మొదట్లో పిలకలొస్తాయి, వానాకాలంలో సాయంత్రం పూట వేరూ మట్టీ కలిపి తీసుకుంటే నాటుకుంటుంది. ఇల్లు మారే సంగతి మూడు నెలల ముందు తెలిస్తే ఈ పని మొదలెట్టండి, చివరిరోజు గునపం పట్టక్కర్లేదు.

ఆ రెండు కుండీలకీ సెప్టెంబరు దాకా నీళ్ళు పోసింది ఇంటావిడే. మొన్న మా చెల్లి వెళ్ళి తెచ్చుకుంది. ఒకటి బతికింది, ఒకటి పోయింది. "ఉప్పునీళ్ళు పొయ్యలేదే అమ్మాయ్, కుళాయినీళ్ళే పోశాను" అని ఆవిడ రెండుసార్లు చెప్పారుట!

ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు రాసుకునే పదకొండు నెలల కాగితంలో పెరటికి కూడా రెండు వాక్యాలు చేర్చమనండి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు. "పెరడు ఊడ్పు, కలుపు, నీళ్ళు అద్దెకున్నవారివి; పెద్దచెట్ల కొమ్మలు, మట్టలు కొట్టించడం, ప్రహరీ, బావి ఇంటివారివి. కొబ్బరికాయలు ఫలానావారివి. అద్దెకున్నవారు కొత్తగా నాటినవి ఖాళీ చేసేలోపు తీసుకోవచ్చు, గొయ్యి పూడ్చాలి." ఇంతే. దిగిన రోజున పెరడు నాలుగువైపులా సెల్లుఫోనులో ఫొటోలు తీసి ఇంటివాళ్ళకి కూడా ఒక కాపీ పంపండి. ఎన్ని చెట్లున్నాయో, గడ్డి ఎంతుందో అందులోనే ఉంటుంది.

గుడివాడలో కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మరిదిగారు అలవాటు కొద్దీ అరుగు మీద కూర్చుని "అద్దెంతండీ?" అని మొదలెట్టారుట. మా చెల్లి ఆయన్ని దాటుకుని తిన్నగా పెరట్లోకి వెళ్ళి, "ఏమండీ, ఈ జామచెట్టు కాయలెవరివి?" అని అడిగింది. ఆ ఇంటాయన తెల్లబోయి, "అదేదో మా ఆవిడనే అడగాలమ్మా" అన్నారుట.